ఆర్ట్స్ కాలేజీయా, ఎందుకూ?

పోయినేడాది మార్చిలో ఒక ఆదివారం మా అమ్మాయి లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి "అమ్మా, ఇదీ నా లిస్ట్" అంది. డిగ్రీకి తను దరఖాస్తు పెట్టాలనుకున్న అమెరికా కాలేజీలు, పధ్నాలుగు పేర్లున్నాయి. నేను విన్నవి రెండే. ఆ రెండూ వాళ్ళ నాన్న పట్టుబట్టి పెట్టించినవి.

మిగతా పన్నెండూ చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలు. 'ఆర్ట్స్' అన్న మాట వినగానే మా ఇద్దరికీ గుండె జారింది. మన దగ్గర పిల్లలు ఎంపీసీ, బైపీసీలకు వెళ్తే, మార్కులు రానివాళ్ళు సీఈసీ, హెచ్ఈసీల్లో చేరతారని కదా లెక్క! ఎంసెట్ ర్యాంకుతో బతికి బయటపడి న్యూజెర్సీ దాకా వచ్చిన మాకు ఆ లెక్క ఒంట్లోంచి అంత తేలిగ్గా పోతుందా? గుడిలో కనబడ్డ వదిన ఒకావిడైతే "అయ్యో, మ్యాథ్స్ బాగా చేస్తుందన్నావు కదా?" అని నా చెయ్యి పట్టుకుంది, ఎవరికో ఒంట్లో బాగాలేనట్టు.

అర్థం చేసుకోవడానికి నాకు నెల పట్టింది. ఈ కాలేజీల్లో మ్యాథ్స్, ఫిజిక్స్, బయాలజీ అన్నీ ఉంటాయి. స్వార్త్‌మోర్‌లో, స్మిత్‌లో ఇంజనీరింగ్ డిగ్రీ కూడా ఉంది. హార్వీ మడ్ అయితే దాదాపు అంతా సైన్సు, ఇంజనీరింగే. చాలావాటిలో పీజీ కోర్సులు లేనట్టే. కాబట్టి పాఠం చెప్పేదీ, పేపరు దిద్దేదీ పీజీ విద్యార్థులు కాదు, ప్రొఫెసరే. విలియమ్స్‌లో మొత్తం విద్యార్థులు సుమారు 2,000 మంది. అక్కడ ట్యుటోరియల్ అని ఒక పద్ధతి ఉంది: ఇద్దరు పిల్లలు, ఒక ప్రొఫెసరు. వారం వారం ఒకళ్ళు రాసుకొస్తే రెండోవాళ్ళు తప్పులు పట్టాలి. ఇంటర్లో సెక్షన్‌కి ఎనభై మందిమి, గోడవైపు బెంచీలో కూర్చుని రెండేళ్ళు నోరు విప్పకుండా గడిపినదాన్ని నేను. నాకైతే ఆ ఊహకే చెమటలు పట్టాయి.

మదనపల్లెలో ఉన్న మా నాన్నకు ఫోన్లో చెబితే ఏమంటారోనని భయపడ్డాను. ఆయన ఒక్క నిమిషం ఊరుకుని, "అంటే మా బీటీ కాలేజీ లాంటిదా?" అన్నారు. అనిబిసెంట్ 1915లో పెట్టిన బిసెంట్ థియోసాఫికల్ కాలేజీ అది. 1919లో టాగూర్ వచ్చి అక్కడే ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి రాసిన చోటు. నాన్న అక్కడ బీఎస్సీ చదివారు. "మా క్లాసులో పదహారు మందిమి. లెక్కల సారుకి మా ఊళ్ళు, మా ఇళ్ళల్లో ఎన్ని ఆవులున్నాయో కూడా తెలుసు. పరీక్ష తప్పితే ఇంటికి పిలిచి చెప్పేవాడు" అన్నారు. న్యూజెర్సీలో ఇంతమందిమి ఉండి అర్థం చేసుకోలేకపోయింది ఆయనకు ఒక్క ముక్కలో అర్థమైపోయింది.

ఇక వడపోత. ర్యాంకుల పట్టిక ఇక్కడ పెద్దగా పనికి రాలేదు. రీడ్ కాలేజీ అయితే 1995 నుంచీ ర్యాంకులు వేసే 'యూఎస్ న్యూస్' పత్రికకు వివరాలే పంపడం మానేసింది. అది చదివి మా ఆయన "మన కార్పొరేట్ కాలేజీవాళ్ళకి ఎవరైనా ఈ సంగతి చెప్పండయ్యా" అన్నాడు.

మాకు అన్నిటికన్నా పనికొచ్చినది కోర్సుల జాబితాను అనుమానంగా చదవడం. చిన్న కాలేజీలో డిపార్ట్‌మెంటూ చిన్నదే. కేటలాగులో ముప్ఫై కోర్సులు కనిపిస్తాయి కానీ పై స్థాయివి కొన్ని ఏడాది విడిచి ఏడాది చెబుతారు. అందుకని ఒక రాత్రి తండ్రీకూతుళ్ళు ఎక్సెల్ షీట్ పెట్టుకుని గత మూడేళ్ళ టైంటేబుళ్ళు వెతికారు. ఒక కాలేజీలో మ్యాథ్స్‌కి ఆరుగురే ప్రొఫెసర్లు. అందులో ఇద్దరు సబాటికల్ మీద, అంటే పరిశోధన కోసం తీసుకునే దీర్ఘ సెలవులో ఉన్నారు. మా అమ్మాయి చూసి మురిసిపోయిన టోపాలజీ అనే లెక్కల కోర్సు మూడేళ్ళుగా ఎవరూ చెప్పనేలేదు. ఎర్ర రంగు కొట్టి పక్కన పెట్టారు. అదే పొమోనా, హార్వీ మడ్ ఉన్న కాలిఫోర్నియా ఊరు క్లేర్‌మాంట్‌లో ఐదు కాలేజీలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి, పక్క కాలేజీకి నడిచి వెళ్ళి క్లాసు వినొచ్చు. ఆమ్‌హెర్స్ట్, స్మిత్ చుట్టుపక్కల ఐదింటి మధ్య బస్సులున్నాయి. అలాంటివాటికి ఆకుపచ్చ.

డబ్బు సంగతి చెప్పకపోతే అబద్ధమవుతుంది. పైకి కనబడే రేటు పేరున్న వాటిలో ఏడాదికి 90,000 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ ఉంటుంది. మన జీతం, పొదుపు కొడితే మన చేతి నుంచి పడేదెంతో సుమారుగా చెబుతుంది. విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్ మెరిట్ స్కాలర్‌షిప్ ఇవ్వవు, అవసరాన్ని బట్టే ఇస్తాయి. ఇద్దరూ సంపాదించే మాలాంటి వాళ్ళకు అక్కడ పెద్దగా దక్కదు. గ్రినెల్, ఓబర్లిన్ మెరిట్ కూడా చూస్తాయి. మా పిల్ల ఇక్కడే పుట్టింది కాబట్టి సరే. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే వీసా) మీదున్న పిల్లలను చాలా కాలేజీలు విదేశీ విద్యార్థుల కిందే కడతాయి, ఆ తల్లిదండ్రులు ముందే అడిగి తెలుసుకోవాలి. ఎర్లీ డెసిషన్ అంటే ఒకే ఒక్క కాలేజీకి ముందుగా పెట్టే దరఖాస్తు, ఆ కాగితం మీద తల్లిదండ్రుల సంతకం కూడా పడుతుంది. సీటొస్తే చేరతామని మాటిచ్చినట్టే. అందుకే రేటు తేలేదాకా మా ఆయన పెన్ను ముట్టనన్నాడు.

జాబితాలో నన్ను కదిలించినది మాత్రం కనెటికట్, మిడిల్‌టౌన్‌లోని వెస్లియన్. పేరుకి యూనివర్సిటీ, పిల్లలు 3,000 పైచిలుకు. భరతనాట్య కళాకారిణి బాలసరస్వతి తమ్ముడు, ఫ్లూట్ విద్వాంసుడు టి. విశ్వనాథన్ ఏళ్ళ తరబడి కర్ణాటక సంగీతం నేర్పిన చోటు. ఇప్పటికీ అక్కడ నవరాత్రి కచేరీలు జరుగుతాయి. మా అమ్మాయి పదేళ్ళుగా ప్రతి శనివారం సణుక్కుంటూ పాటకి వెళ్తుంది. కృతుల అర్థం అడిగితే భుజాలెగరేస్తుంది. అలాంటిది, "అమ్మా, అక్కడ తెలుగు రానివాళ్ళు త్యాగరాజ కృతులు పాడతారట, అర్థం కూడా నేర్చుకుంటారట" అంది. నేను కాఫీ కలుపుతూ తిరిగి చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని.

లిస్ట్ ఇప్పుడు ఎనిమిదికి దిగింది. నాన్న వాటిని పాల లెక్క రాసే డైరీలో తెలుగులో రాసుకున్నారు. మొన్న వీడియో కాల్‌లో మనవరాలికి చదివి వినిపించారు. మిన్నెసోటాలోని కార్ల్‌టన్ ఎదురుగా 'చలి'. అయోవాలోని గ్రినెల్‌కి 'మొక్కజొన్న'. వెస్లియన్‌కి 'పాట, ఇంటికి దగ్గర' అని రాసి, కింద ఒక గీత.

"తాతా, ఆ గీత ఎందుకు?"

"పెన్ను జారిందిలే" అన్నారు.