లంకాయాం శాంకరీ దేవి

మా అవ్వకు చదువు రాదు. అయినా సందె దీపం పెట్టేటప్పుడు అష్టాదశ శక్తిపీఠాల శ్లోకం ఒక్క తప్పు లేకుండా చెప్పేది. కంచి కామాక్షిని, శ్రీశైలం భ్రమరాంబను, అలంపురం జోగులాంబను చూసింది. పిఠాపురం, ద్రాక్షారామం కూడా పోయొచ్చింది. శ్లోకంలో మొట్టమొదట వచ్చే అమ్మవారిని మాత్రం చూడలేదు. "లంకలో యుద్ధమంట కదా" అనేది. అక్కడి సైన్యానికీ తమిళ పులులకూ మధ్య 1983లో మొదలైన ఆ యుద్ధం 2009 మేలో ముగిసింది. అవ్వ అంతకు రెండేళ్ల ముందే పోయింది.

అందుకే ఈ ఫిబ్రవరిలో అమ్మను తీసుకుని, ఆ శాంకరీ దేవి ఉన్న శ్రీలంక ఊరు త్రికోణమల బయల్దేరాను. చెన్నై నుంచి కొలంబోకి విమానం, అక్కడి నుంచి కారు. డ్రైవర్ సింహళ అబ్బాయి. నన్ను "అక్కా" అని పిలిచాడు. తమిళం నేర్చుకున్నాడేమో అనుకున్నాను. కాదట, సింహళంలోనూ అక్కను అక్కా అనే అంటారట. అమ్మను అమ్మా అనే. ఆ మాట విన్నాక అమ్మ దారంతా అతన్ని "నాయనా" అంటూనే ఉంది.

హబరణ దాటాక అడవి మధ్య రోడ్డు. ఏనుగులు అడ్డం వస్తాయని నెమ్మదిగా నడుపుతూ, వాళ్లన్న సంగతి చెప్పాడు. సైన్యంలో ఉండేవాడట. 2008లో ఇంటికి పెట్టె వచ్చింది. తెరవొద్దని చెప్పి ఇచ్చారు. "లోపల ఉన్నది మావాడేనా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది" అన్నాడు. మేమేమీ మాట్లాడలేకపోయాం.

మర్నాడు పొద్దున ఊరికి దగ్గర్లోని కన్నియా వేడినీళ్ల బావులకు వెళ్లాం. ఏడు చిన్న బావులు, ఒక్కోదాంట్లో నీళ్ల వేడి ఒక్కోలా ఉంటుంది. తల్లికి ఉత్తరక్రియలు చేయడానికి రావణుడు తవ్వాడని కథ. ఇక్కడి తమిళులు ఇప్పటికీ పోయినవాళ్లకు ఇక్కడికొచ్చి కర్మ చేస్తారు. ఇది ప్రాచీన బౌద్ధ స్థలమని సింహళ బౌద్ధుల వాదన. 2019లో పాత పిళ్లైయార్ (వినాయకుడి) గుడి ఉన్నచోట స్తూపం కట్టబోతే తమిళులు నిరసన తెలిపారు, కోర్టు ఆపింది. తుపాకులు ఆగినా రాళ్ల మీద, బోర్డుల మీద ఈ గొడవ ఇంకా నడుస్తూనే ఉంది. నాకది చాలా బాధగా అనిపించింది. ఏ బావిలో చెయ్యి పెట్టినా నీళ్లు వెచ్చగానే తగిలాయి.

సాయంత్రం సముద్రం ఒడ్డున నడిచాం. 2006 జనవరి 2న ఇక్కడే, గాంధీ విగ్రహం దగ్గర, కబుర్లు చెప్పుకుంటున్న ఐదుగురు తమిళ విద్యార్థులను కాల్చి చంపారు. కేసు పెట్టిన 13 మంది భద్రతా సిబ్బందినీ సాక్ష్యం చాలదని 2019లో విడిచిపెట్టారు. ఇప్పుడు అదే ఇసుకలో పిల్లలు ఆడుకుంటున్నారు, బఠాణీలు అమ్ముతున్నారు. చూడ్డానికి ప్రశాంతంగా ఉంది. మరి ఆ ఐదుగురి తల్లులు ఈ ఒడ్డుకు రాగలరా అనిపించింది.

కొండ మీది శివాలయం కోణేశ్వరం గుడికి ఫ్రెడరిక్ కోట గుండా పోవాలి. కోటలో ఇప్పటికీ సైన్యం ఉంది. తుపాకీ పట్టుకున్న జవాన్ల పక్కనే చుక్కల జింకలు తిరుగుతుంటాయి. 1620లలో పోర్చుగీసువాళ్లు పాత గుడిని కూల్చి, ఆ రాళ్లతోనే ఈ కోట కట్టారు. ద్వారం రాతి మీద పాండ్యుల జంట చేపలు ఇంకా కనిపిస్తాయి. ఏడో శతాబ్దంలో తమిళ శివభక్త కవి సంబంధర్ పాడిన గుడి అది. కూల్చిన తర్వాత మూడు వందల ఏళ్లకు పైగా ఆ కొండ మీద గుడి లేదు. జనం మాత్రం అంచున నిలబడి సముద్రంలోకి పూలు, కొబ్బరికాయలు వేసి మొక్కుకునేవాళ్లు. 1950లో ఊళ్లో బావి తవ్వుతుంటే కంచు విగ్రహాలు దొరికాయి. 1956లో రచయిత ఆర్థర్ సి. క్లార్క్, మైక్ విల్సన్ కొండ కింద సముద్రంలో వెతుకుతుంటే పాత గుడి రాళ్లు, శివలింగం కనిపించాయి. 1963లో కొత్త గుడికి కుంభాభిషేకం చేశారు.

శాంకరీ దేవి సన్నిధి పక్కనే ఉంది. చిన్నదే. అమ్మ అక్కడ నిలబడి శ్లోకం మొదలుపెట్టి, మొదటి పాదం దాటలేక ఏడ్చింది. డ్రైవర్ వాళ్లమ్మ పేరు చెప్పి కొబ్బరికాయ కొట్టాడు. తెల్లబట్టలు కట్టుకున్న సింహళ కుటుంబాలు కూడా పళ్లెం నిండా పండ్లతో వరసలో ఉన్నాయి. సంతానం కోసం కట్టిన చిన్న చెక్క ఉయ్యాలలు చెట్టుకు గాలికి ఊగుతున్నాయి.

ఆ చెట్టు కింద ఒక పెద్దావిడ నేతి దీపం వెలిగిస్తోంది. "ఎంగ ఇరుందు వర్రీంగ, పిళ్ళై?" అని అడిగింది, ఎక్కడి నుంచి వస్తున్నారు బిడ్డా అని. మాది అరవం కలిసిన చిత్తూరు సీమ కాబట్టి మాటలు కలిశాయి. 2007లో ఆమె కొడుకు అంగడికని వెళ్లాడు. తెల్ల వ్యాన్‌లో ఎక్కించుకుపోయారని చూసినవాళ్లు చెప్పారు. తిరగని క్యాంపు లేదు, పెట్టని అర్జీ లేదు. ఇలాంటి తల్లులు 2017 నుంచి ఉత్తర, తూర్పు ఊళ్లలో ఫొటోలు పట్టుకుని రోడ్డు పక్కన కూర్చున్నారు. ఈవిడా వాళ్లలో ఒకరు. కూర్చున్నవాళ్లలో కొందరు కొడుకుల కబురు తెలియకుండానే చనిపోయారట.

"ఈ స్వామి నేల కింద నుంచి వచ్చాడు, నీళ్లలో నుంచి వచ్చాడు. నా బిడ్డ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు" అంది. పొద్దున కన్నియాకు వెళ్లొచ్చామని అమ్మ అంటే తల అడ్డంగా ఊపింది. "నేను పోను. అక్కడికి పోతే వాడు లేడని నేనే ఒప్పుకున్నట్టు కదా."

అర్చన టికెట్ మా చేతిలోనే ఉంది. అమ్మ నన్ను అడగలేదు, ఆవిడనూ అడగలేదు. చెయ్యి పట్టుకుని సన్నిధికి తీసుకెళ్లింది. మా గోత్రం, పేర్లు చెప్పాక ఇంకో పేరుందని పూజారికి చెప్పింది. ఆయన నక్షత్రం అడిగాడు.

"అనుషం" అంది ఆవిడ.

"అనూరాధ" అని అమ్మ నా చెవిలో చెప్పింది. పూజారి ఆ అబ్బాయి పేరు, నక్షత్రం పలికి, ఆయురారోగ్యాలు కోరుతూ కుంకుమ తీసుకున్నాడు.