గ్యాప్ ఉంటే ఉద్యోగం రాదన్న సార్‌కి

నిన్న ఆఫర్ లెటర్ వచ్చింది. సంతోషం సరే, ఒకాయన మీద కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. అందుకే వెంటనే రాస్తున్నా.

మాది మదనపల్లె. పెళ్లికి ముందు నుంచీ ఇక్కడ బెంగళూరులోనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్ చేసేదాన్ని. పాప పుట్టాక మానేశాను. అది ఎల్‌కేజీలో చేరేసరికి నాలుగేళ్ల గ్యాప్ వచ్చేసింది.

మళ్లీ ఉద్యోగం వెతుక్కుందామని మొదలుపెడితే రెజ్యూమె, నౌక్రీ సైట్‌లో ప్రొఫైల్ ఒక్క పూటలో అయిపోయాయి. జావా బేసిక్స్ యూట్యూబ్‌లో తెలుగులోనే చూసుకున్నా. అసలు కథ మాక్ ఇంటర్వ్యూ, అంటే ప్రాక్టీస్ ఇంటర్వ్యూ, దగ్గర మొదలైంది.

మారతహళ్లి బ్రిడ్జి దగ్గర ఒక కోచింగ్ సెంటర్. ఫీజు ముందే కట్టించుకున్నారు. సార్ మన తెలుగాయనే. నన్ను బ్యాచ్ అందరి ముందు కూర్చోబెట్టి 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అన్నాడు. నేను చెప్తుంటే ఫోన్‌లో రికార్డు చేశాడు. ఆ వీడియోనే ప్రొజెక్టర్ మీద వేసి, నేను 'యాక్చువల్లీ' అన్న ప్రతిసారీ ఆపి, అందర్నీ లెక్కపెట్టమన్నాడు. వాళ్లంతా నిన్నగాక మొన్న బీటెక్ అయిన పిల్లలు. ముందు వరసలో ఒకబ్బాయి వేళ్లు మడిచి మరీ లెక్కపెట్టాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అంతటితో ఊరుకున్నాడా? "మేడమ్, ఈ గ్యాప్ చూస్తే హెచ్ఆర్ వాళ్లు ఫోన్ కూడా చేయరు. ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్పులు మేమే ఇప్పిస్తాం" అంటూ రేటు చెప్పాడు.

"పీఎఫ్ సంగతేంటి సార్?" అన్నా.

"పీఎఫ్ లేని చిన్న కంపెనీ అని చూపిద్దాం."

వీళ్ల తెలివి అంతవరకే. 12 అంకెల పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, ఉంటే చాలు, పీఎఫ్ ఉన్న ప్రతి ఉద్యోగంలో ఎప్పుడు చేరామో, ఎప్పుడు మానేశామో సర్వీస్ హిస్టరీలో కనబడుతుంది. పీఎఫ్ లేదని దాటేసినా, ఫారం 26ఏఎస్ అనే ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితం అడిగే కంపెనీలున్నాయి. జీతంలో ముందే పట్టుకునే పన్ను, టీడీఎస్, పట్టుకున్నది ఎవరో అందులో పేరుతో సహా ఉంటుంది. ఇవేవీ చెప్పకుండా దొంగ కాగితాలు అమ్ముతున్నాడు. ఆ పిల్లలేమో బుద్ధిగా నోట్సు రాసుకుంటున్నారు. ఊళ్లో అమ్మానాన్నలు అప్పు చేసి కట్టిన ఫీజులివి!

మర్నాటి నుంచి మానేశా. డబ్బులు తిరిగివ్వలేదు.

మా పై పోర్షన్‌లో నెల్లూరు అక్క ఉంటుంది. వాళ్ల ఆఫీసులో ఇంటర్వ్యూలు తీసుకుంటుంది. రాత్రిళ్లు పిల్లలు పడుకున్నాక మెట్ల మీద కూర్చుని నన్ను ప్రశ్నలు అడిగేది. "గ్యాప్ గురించి రెండు ముక్కలు చెప్పి ఆపెయ్. పాప కోసం మానేశాను, ఇప్పుడు ఎస్‌క్యూఎల్, సెలీనియం ప్రాక్టీస్ చేశాను, ప్రాజెక్ట్ గిట్‌హబ్‌లో ఉంది, అంతే. సంజాయిషీ మొదలుపెట్టావో, ఇంకా తవ్వుతారు" అంది. ఎస్‌క్యూఎల్ అంటే డేటాబేస్‌లోంచి సమాచారం తీసే భాష, సెలీనియం వెబ్‌సైట్లను తనంతట తానే టెస్ట్ చేసే టూల్, గిట్‌హబ్ కోడ్ పెట్టుకునే సైట్. ఒక్క రూపాయి తీసుకోలేదు.

ఇంటర్వ్యూ ఐటీపీఎల్ అనే ఐటీ పార్కు వైపు. రోడ్డు ట్రాఫిక్‌ను నమ్ముకోకుండా కుందలహళ్లిలో మెట్రో ఎక్కి పట్టందూరు అగ్రహారలో దిగా.

గ్యాప్ గురించి ఒక్క ప్రశ్న వేసి వదిలేశారు. తర్వాతంతా ఎస్‌క్యూఎల్. రెండో అత్యధిక జీతం ప్రశ్న ఎలాగూ వస్తుంది. టాప్ జీతం ఇద్దరికి ఉంటే ర్యాంక్ అనే ఫంక్షన్ 1, 1, 3 అని ఇస్తుంది, రెండో స్థానమే ఉండదు. డెన్స్ ర్యాంక్ అనే ఇంకో ఫంక్షన్ 1, 1, 2 ఇస్తుంది, అదే వాడాలి. ఆ తర్వాత ఒక 'నాట్ ఇన్' (ఈ జాబితాలో లేనివి చూపించు అనే) క్వెరీ చూపించి, ఒక్క రో (వరస) కూడా ఎందుకు రావట్లేదన్నారు. ఆ జాబితా ఇచ్చే లోపలి సబ్‌క్వెరీలో ఒక్క నల్, అంటే ఖాళీ విలువ, ఉన్నా అంతే, దాని బదులు నాట్ ఎగ్జిస్ట్స్ రాయాలి అన్నా. అంతవరకు ల్యాప్‌టాప్‌లోంచి తల తిప్పని పెద్దాయన అప్పుడు నా వైపు చూశాడు. గొప్పలు చెప్పుకుంటోంది అనుకున్నా పర్లేదు, ఆ చూపు నేను సంపాదించుకున్నదే!

ఆఫర్ సంగతి లింక్డ్‌ఇన్‌లో పెట్టా. ఈ ఉదయం కోచింగ్ సెంటర్ నుంచి వాట్సాప్: "కంగ్రాట్స్ మేడమ్, మా బ్యానర్ మీదికి మీ ఫొటో పంపండి."

ఫీజు వాపసిస్తే పంపుతానన్నా. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం రాలేదు.