నేను చూడలేని పుండు

కాలవ గట్టు మీద స్కూటర్ జారి తుంటి ఎముక విరిగింది. కాకినాడలో ఆపరేషన్ చేసి పంపించేశారు. రాజోలు దగ్గర మా ఇంటికొచ్చాక పదకొండు రోజులు కదలకుండా వెల్లకిలా పడుకున్నాను. పక్కకి తిరిగితే లోపల వేసిన రాడ్డు ఎక్కడ కదిలిపోతుందోనని భయం. ఒకే వైపు పడుకుంటే ఒత్తిడికి పడకపుండు పడుతుందని, రెండు గంటలకోసారి తిరగాలని ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదు. చెప్పినా వినేవాణ్ణి కాదేమో.

ముడ్డిపూస దగ్గర మంటంటే మా ఆవిడ చూసి, "ఏం లేదండి, కాస్త నల్లబడింది" అని కొబ్బరినూనెతో గట్టిగా మర్దనా చేసింది. పక్కింటి బావగారు మోటార్‌సైకిల్ ట్యూబుకి గాలి కొట్టి తెచ్చి కింద పెట్టారు. రెండూ ప్రేమతో చేసినవే, రెండూ చేటు చేసినవే. మర్దనా నలిగిన చోటునే ఇంకా నలిపింది. ట్యూబు చుట్టూ నొక్కిపట్టి మధ్యకి నెత్తురు సరిగ్గా అందనివ్వలేదు.

చర్మం చిట్లాక అమలాపురం నుంచి సిస్టరు వచ్చింది. ముందు పుండు చుట్టూ చేతి వెనక భాగం ఆనించి చూసింది. "బాబాయ్, మన ఛాయ మీద ఎరుపు తేలదు. వేడిగా ఉందా, గట్టిపడిందా అని తడిమి చూడాలి. నొక్కితే రంగు పాలిపోకుండా అలాగే ఉంటే అప్పుడే మొదటి స్టేజీ. మీది అది దాటిపోయింది" అంది.

ఎన్నో స్టేజీ అనడిగితే చెప్పలేదు. అడుగంతా పచ్చటి కుళ్లు పొర కప్పేసిందట, అది తీస్తేగానీ లోతు తెలీదట. డాక్టరు గారు తీశాక లోపల కొవ్వు కనబడింది, ఎముక కనబడలేదు. మూడోది. పైకి నాలుగు సెంటీమీటర్ల పొడవు, మూడు వెడల్పు. దూదిపుల్ల మాత్రం అంచు కిందకి ఇంకో సెంటీమీటరున్నర దూరింది. ఆ పుల్ల మీద సిస్టరు గోటితో గుర్తు పెట్టి నాకు చూపించింది. నా పుండుని నేను చూసింది అంతే.

పుండు మానుతోందో లేదో తెలియడానికి మార్కులు వేస్తారట. వైశాల్యానికి ఎనిమిది, రసికి రెండు, కుళ్లుకి మూడు, మొత్తం పదమూడు మార్కులని పుస్తకంలో రాసుకుంది. పదిహేడుకి లెక్కట. ఎక్కువొస్తే సంతోషించకూడని పరీక్ష!

గాలి పరుపు తెచ్చాం. పూటకో గుడ్డు, పప్పు, చేపల పులుసు. రాత్రిళ్లు ఫోన్లో అలారం మోగితే మా ఆవిడ లేచి నా నడుం వెనక దిండు మార్చేది. నా కన్నా తనే చిక్కిపోయింది.

నెలన్నరకి ఏడు మార్కులొచ్చాయి. "ఇప్పుడు రెండో స్టేజీయా?" అన్నాను. సిస్టరు నవ్వింది. "స్టేజీ వెనక్కి రాదు బాబాయ్. పోయిన కండ మళ్లీ అలాగే రాదు, ఆ గుంట మచ్చకండతో పూడుతుంది. మీది మానుతున్న మూడోదే."

మూడో నెలకి మూసుకుంది. మచ్చని సెల్‌ఫోన్లో ఫోటో తీసి చూపిస్తానంది మా ఆవిడ. వద్దన్నాను. సిస్టరులా చెయ్యి తిరగేసి ఆనించి చూడమన్నాను.

చల్లగానే ఉందండీ అంది.