గాటు కనపడని కాటు

వరంగల్ చుట్టుపక్కల ఊళ్లల్లో పొద్దుగూకినాక పాము పేరెత్తరు. ‘పురుగు ముట్టింది’ అంటారు. అనుమానం వస్తే వేపాకో, పచ్చిమిరపకాయో నమిలిస్తారు. చేదు, కారం తెలిస్తే విషం ఎక్కలేదని ధీమా. కట్లపాము దగ్గర ఈ పరీక్షే కొంప ముంచుతుంది. దాని విషం నరం నుంచి కండకు పోయే కబురును తెంపుతుంది, రుచితో దానికి పనిలేదు.

ఇది రాత్రి పురుగు. వానకాలంలో ఇంట్లోకి దూరి, కింద చాప మీద పండుకున్నవాళ్లను కరుస్తుంది. కోరలు చిన్నవి. నొప్పి పెద్దగా ఉండదు, వాపు రాదు, చాలాసార్లు గాట్లే దొరకవు. తెల్లారగట్ల కడుపునొప్పి, వాంతులు మొదలైతే గ్యాసనుకుని సోడా తాగిస్తారు. ఆ తర్వాత రెప్పలు వాలతాయి, ఒకటి రెండుగా కనపడుతుంది, ఉమ్మి మింగుడు పడదు, మాట ముద్దగా వస్తుంది. నేల మీద పండుకున్న మనిషి ఇట్లా లేస్తే గాటు కోసం వెతుకుతూ కూర్చోవద్దు, పాముకాటే అనుకోవాలి.

ఆసుపత్రిలో 2 మి.లీ. రక్తాన్ని పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూస్తారు. గడ్డకట్టకపోతే పింజర పని. సబ్బుతో కడిగిన గొట్టమైతే ఫలితం తప్పుతుంది. కట్లపాము కాటులో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. ‘టెస్టు మంచిగుంది’ అని ఇంటికి తెచ్చుకుంటే అక్కడే పొరపాటు. 24 గంటలు ఆసుపత్రిలోనే ఉంచాలి.

విషం గుర్తులుంటే 10 వయల్స్ (చిన్న సీసాలు) విరుగుడు మందు సెలైన్‌లో గంటసేపు ఎక్కిస్తారు. పిల్లలకూ అంతే, పసివాడని పాము విషం తగ్గించి వదలదు కదా. గుర్రం రక్తం నుంచి తీసిన మందు కాబట్టి దద్దుర్లు రావచ్చు, బీపీ పడిపోవచ్చు, అందుకే వాటిని ఆపే అడ్రినలిన్ ఇంజెక్షన్ పక్కన సిద్ధంగా పెట్టుకుంటారు. రక్తంలో తిరిగే విషాన్నే ఈ మందు పట్టుకుంటుంది. అప్పటికే దెబ్బతిన్న నరం కొసలు మళ్లీ మొలిచేదాకా, రోజుల తరబడైనా, వెంటిలేటరే ఊపిరి. కనుపాపలు విప్పారి, వేలైనా కదలని మనిషికి మన మాటలు వినపడుతుండొచ్చు. మంచం పక్కన శోకాలు పెట్టొద్దు.

మంత్రానికి పేరెట్లా వచ్చిందంటే, కరిచే పాముల్లో చాలావాటికి విషం లేదు, ఉన్నవి కూడా ఒక్కోసారి కోర దించినా విషం వదలవు. బతికినోళ్లంతా మంత్రగాని లెక్కలోకి పోతారు. ఆయనతో పంచాయితీకి టైం లేదు, కావాలంటే బండిలో ఆయన్నీ ఎక్కించుకోండి. తాడు బిగించొద్దు, కోయొద్దు. కరిచిన కాలికి బద్ద కట్టి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

కాటు తప్పాలంటే ఇంట్లో మంచం, దోమతెర ఉండాలి. తెర అంచులు పరుపు కిందికి దోపాలి, వేలాడేస్తే లాభం లేదు.