కెమెరా పనిచెయ్యలేదంటే ఎవర్ని అడగాలి?

చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లో సీసీ కెమెరాలు అమ్మి, బిగించే పని నాది. లాకప్‌లో మనిషి చనిపోయాడని వార్త వచ్చినప్పుడల్లా మా నాయన గూడూరు నుంచి ఫోన్ చేస్తాడు. "ఏంరా, ఆ స్టేషన్లో కెమెరాల్లేవా?" ఉంటాయి నాయనా, ఎందుకుండవు!

2020 జూన్, తూత్తుకుడి జిల్లా సాత్తాన్‌కుళం. లాక్‌డౌన్ వేళ దాటాక సెల్‌ఫోన్ల కొట్టు తెరిచారంటూ తండ్రినీ కొడుకునీ పట్టుకుపోయారు. నాలుగు రోజుల్లో ఇద్దరూ పోయారు. విచారణకు వెళ్లిన మేజిస్ట్రేటు రిపోర్టులో ఒక ముక్క ఉంది: హార్డ్ డిస్క్ 1 టెరాబైట్, చోటు బోలెడుంది, కానీ ఏ రోజు రికార్డింగ్ ఆ రోజే చెరిగిపోయేలా సెట్ చేసి ఉంది.

అది చదివి నాకు ఒళ్లు మండింది. కెమెరాల రికార్డింగ్ దాచే పెట్టె, అంటే డీవీఆర్, తనంతట తాను అట్లా చెయ్యదు. డిస్క్ నిండాకే పాత ఫుటేజీ మీద కొత్తది రాసుకుంటుంది. నాలుగు మామూలు కెమెరాలకి ఆ డిస్క్ వారం పైనే వస్తుంది. రోజూ చెరగాలంటే ఒకరు పాస్‌వర్డ్ కొట్టి, మెనూలోకెళ్లి, రోజుల సంఖ్య మార్చి, సేవ్ నొక్కాలి. కిరాణా కొట్టు సేటు కూడా నన్ను అట్లా పెట్టమని అడగడు.

ఆ కేసు నిలబడిందంటే, అదే స్టేషన్లోని ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ భయపడుతూనే నోరు విప్పడం వల్ల. మద్రాసు హైకోర్టు మదురై బెంచి ఆ స్టేషన్ని రెవెన్యూ అధికారుల చేతిలో పెట్టమనాల్సి వచ్చింది. కేసు సీబీఐకి పోయింది.

అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ప్రతి స్టేషన్లో మాటలు కూడా వినబడే కెమెరాలుండాలి, లాకప్, వరండా, వెనక వైపు ఏదీ వదలకూడదు, ఫుటేజీ 18 నెలలు, కుదరకపోతే కనీసం ఏడాది దాచాలి, కెమెరాల బాధ్యత స్టేషన్ పెద్ద అయిన ఎస్‌హెచ్‌వోదే. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నా, 2025 సెప్టెంబరులో అదే కోర్టు పనిచెయ్యని కెమెరాల సంగతి తనకు తానుగా చేపట్టాల్సొచ్చింది.

మధ్యలో ఇక్కడ చెన్నైలోనే, 2022 ఏప్రిల్లో, సెక్రటేరియట్ కాలనీ స్టేషన్ కేసు. పాతికేళ్ల కుర్రాడు, మెరీనాలో గుర్రం సవారీలు చేయించేవాడు. ముందు ఫిట్స్‌తో పోయాడన్నారు. పోస్టుమార్టంలో 13 గాయాలు తేలాక హత్య కేసు పెట్టి పోలీసుల్ని అరెస్టు చేశారు. 2025లో శివగంగ జిల్లాలో గుడి కాపలా కుర్రాణ్ని పోలీసులు స్టేషన్లో కాదు, గుడి వెనకే కొట్టారు, అతనూ పోయాడు. బయటపెట్టింది చాటుగా తీసిన సెల్‌ఫోన్ వీడియో.

నా మట్టుకు నాకు, ఫుటేజీ లేదన్న మాటనే ఒక నేరంగా చూడాలి. ఆ సెట్టింగ్ ఎవరు మార్చారో డీవీఆర్ లాగ్‌లోనే, అంటే అది తనలో రాసుకునే చిట్టాలోనే, చాలాసార్లు దొరుకుతుంది. దాన్ని అడిగేవాళ్లే తక్కువ.

అందుకే, ఇట్లాంటి కష్టం వచ్చిన కుటుంబానికి తోడుగా వెళ్లేవాళ్లకి ఒక మాట. మేజిస్ట్రేటుకి ఇచ్చే అర్జీలో ఊరికే "ఫుటేజీ ఇప్పించండి" అని రాయకండి. డీవీఆర్‌నీ హార్డ్ డిస్క్‌నీ సీరియల్ నంబర్లు రాసుకుని స్వాధీనం చేసుకోమనండి, లాగ్ కూడా అడగండి. చెరిపేసింది కూడా కొంత తిరిగి తీయొచ్చు, దాని మీద కొత్త రికార్డింగ్ పడనంత వరకే. కాబట్టి అదే రోజు వెళ్లండి.