గుర్రం కంచుది కాదు

తాతల కాలపు గుర్రం బొమ్మ ఇవాళ బల్ల మీదికొచ్చింది. పైకి అచ్చం కంచే. అడుగున మాత్రం పాత గీతలో పసుపు ఛాయ లేదు, వెండిలాంటి బూడిద రంగు కనిపించింది. అంటే జింకు మిశ్రమం, స్పెల్టర్. అయస్కాంతం ఇక్కడ తేల్చదు, రెండింటికీ అంటుకోదు.

పక్కనున్న తెల్ల ఏనుగుకి పదిరెట్లు చూపే లెన్స్ కావాలి. ఏనుగు దంతమైతే అడ్డకోతలో ఒకదాన్నొకటి ఖండించే వంపు గీతలుంటాయి. ఎముకైతే సన్నటి ముదురు చుక్కలు, గాట్లు. సమాంతరంగా, మరీ క్రమంగా చారలుంటే సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్, అని అనుమానించాలి. కాల్చిన సూదితో గుచ్చి చూడమనే సలహా దయచేసి వినకండి! బొమ్మ పాడవుతుంది, సెల్యులాయిడ్ అయితే భగ్గున అంటుకుంటుంది.

పింగాణీవి ఇంకా ఉన్నాయి. వెనక టార్చి పెడితే పల్చటి చోట వెలుగు దాటాలి, మట్టిపాత్రల రకమైతే దాటదు.

తయారీదారు విషయంలో ముద్ర ఒక్కదాన్నే నమ్మడం ప్రమాదం. జర్మనీ పింగాణీ సంస్థ మైసెన్ వాళ్ల అడ్డకత్తుల గుర్తును ఎందరో అనుకరించారు. మరో జర్మన్ బొమ్మల సంస్థ గోబెల్ తేనెటీగ గుర్తు కాలాన్ని బట్టి మారింది, కాబట్టి దాని ఆకారమే వయసు చెబుతుంది. ‘ఆక్యుపైడ్ జపాన్’ (ఆక్రమణలో ఉన్న జపాన్) అని ఉంటే, అది అసలుదైతే, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత 1952 లోపుది.

కడిగే ముందే అడుగు ఫొటో తీసుకోండి. గ్లేజు (పైన ఉండే గాజులాంటి పూత) మీద కాల్చకుండా వేసిన గుర్తులు, కాగితం లేబుళ్లు నీళ్లకే పోవచ్చు.