బకెట్ నీళ్లలో తుంగభద్ర పుష్కరం

2020 నవంబరు 20న గురుడు మకర రాశిలోకి వచ్చాడు, తుంగభద్రకు పుష్కరాలు మొదలయ్యాయి. డిసెంబరు 1 దాకా పన్నెండు రోజులు, అదీ కార్తీక మాసంలో. కానీ కరోనా వల్ల నదిలో మునక నిషేధం. కర్నూలును ఆనుకునే ఏరు పారుతోంది, దిగడానికి మాత్రం లేదు.

మా ఇంట్లో ఎక్కువగా బాధపడేది అవ్వే అనుకున్నాం. “మునకేయొద్దన్నాక ఏటికాడికి పోయి ఏం చేసేది? కుళాయిలో వచ్చేది ఏ నీళ్లనుకుంటివి?” అనింది. నిజమే. సుంకేసుల బ్యారేజీ నుంచి ఊరికి వచ్చే తాగునీరు తుంగభద్ర నీరే. ‘గంగా స్నానం, తుంగా పానం’ అని పెద్దలు ఊరికే అన్లేదు.

ఏటా కార్తీకంలో తెల్లవారకముందే చన్నీళ్లు పోసుకునే మనిషికి ఆ ఏడు ఉడుకునీళ్లే పెట్టాం. ఇంట్లో ఎవరు తుమ్మినా టెన్షనే కదా. ఆమె బకెట్ ముందు కూర్చుని చెప్పే శ్లోకం అందరికీ తెలిసిందే:

గంగే చ యమునే చైవ గోదావరి సరస్వతి
నర్మదే సింధు కావేరి జలేఽస్మిన్ సన్నిధిం కురు

ఏడు నదులనూ పిలిచి, ఈ నీళ్లలో కొలువుండమని అడగడం. నది ఒడ్డున కూడా ఇది చెబుతారు గానీ, దీని అవసరం తెలిసేది బావి దగ్గర, బకెట్ దగ్గర. ఏటికి పోలేని రోజు మనిషికి వస్తుందని ముందే ఎరిగినవాళ్లు కట్టిన శ్లోకంలా ఉంటుంది నాకు. ఈ ఏడింటిలో తుంగభద్ర లేదు. అవ్వ చివర్లో “తుంగభద్రే” అని తగిలిస్తుంది. ఛందస్సు చెడుతుంది, చెడనీ.

కర్నూలు వాళ్లు నదిని ఇంటికి పిలవడం మాత్రం చిన్న విషయం కాదు. అంతకుముందు పుష్కరాలు 2008 డిసెంబరులో జరిగాయి. ఏడాది తిరగకముందే, 2009 అక్టోబరు మొదట్లో, తుంగభద్రా, ఊళ్లోనే దాన్లో కలిసే హంద్రీ నదీ పిలవకుండానే ఇళ్లలోకి వచ్చాయి. ఆ వరద చూసిన అవ్వ మళ్లీ నదిని పేరుపెట్టి పిలుస్తోందంటే, అది భయం లేక కాదు. బకెట్టుకు పట్టేంత రమ్మని అడుగుతోంది.

చిన్న పాత్ర అని తక్కువ చేయనక్కర్లేదు. పుష్కరుడి కథే చూడండి. తుందిలుడనే భక్తుడు శివుణ్ణి మెప్పించి జలరూపం పొంది, సకల తీర్థాలకూ ఆధారమై పుష్కరుడయ్యాడు. సృష్టికి నీళ్లు కావాలని బ్రహ్మ అతణ్ణి అడిగి తెచ్చి ఉంచుకున్నది ఎక్కడ? కమండలంలో. తర్వాత బృహస్పతి వచ్చి అడిగితే, బ్రహ్మను విడిచి రానని మొండికేశాడట. ఒప్పించాకే, గురుడు రాశి మారినప్పుడు పన్నెండు రోజులు నదికి వస్తున్నాడు. అంటే మిగతా కాలం ఆయన ఇల్లు ఒక చెంబు.

అయితే అన్నిటికీ బకెట్ చాలదు. ఆగస్టులో చిన్నాయన పోయినప్పుడు శ్మశానానికి కూడా నలుగురే వెళ్లారు. అవ్వ కొడుకు ముఖం చూడలేదు. ఘాట్‌లో పిండప్రదానానికి ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోవాలంటే, ఎనిమిదో తరగతి తమ్ముడు ఆన్‌లైన్ క్లాసు మధ్యలోనే ఆ పని చేసిపెట్టాడు. నాయన మాస్కు కట్టుకుని ఒక్కడే వెళ్లి పిండం పెట్టాడు. ఆ ఒక్క పనికి ఏటి ఒడ్డే కావాలని అవ్వ పట్టుబట్టింది. నాకూ అదే సరి అనిపించింది. స్నానం మన కోసం, ఎక్కడైనా చేసుకోవచ్చు. పోయినవాళ్ల కోసం మనమే కదలాలి.

నాయన సీసాలో ఏటి నీళ్లు పట్టి తెచ్చాడు. అందరికీ అందాలని అవ్వ వాటిని మిద్దె మీది ట్యాంకులో పోయమంది. “ట్యాంకులో ఉండేదీ అవే నీళ్లు గదవ్వా, నువ్వే అన్నావు” అన్నాడు తమ్ముడు.

“అవి బిల్లు కట్టి తెప్పించుకున్నవి. ఇవి మీ చిన్నాయన పేరు చెప్పి తెచ్చినవి. పొయ్యి, పోసిరాపో” అనింది.